తగ్గాడు, తగ్గడు

జూన్ 5

ఒరేయ్ బొండం,

నువ్వు తిండి మానేశావన్న సంగతి నేను పేపర్లో చదివి తెలుసుకోవాలా? పొద్దున మీ బావ పేపరు మడిచి నా మంచం మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయారు. లోపలి పేజీలో ఒక మూల అగ్గిపెట్టంత ఫోటో. ఫ్యాక్టరీ గేటు, టార్పాలిన్ పందిరి, జనం, మధ్యలో నువ్వు. అంత చిన్న ఫోటోలో కూడా నిన్ను పోల్చుకోవడం కష్టం కాలేదు. కూర్చుంటే కింద కుర్చీ కనిపించకుండా పోయేది మన వంశంలో నీకొక్కడికే. కింద ‘క్యాంటీన్ వంటవాడి ఆమరణ దీక్ష’ అని వేశారు. ఆమరణ అన్న మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. దాని కింద ఇంకో నాలుగు లైన్లున్నాయి. రెండుసార్లు చదివాను, బుర్రకెక్కలేదు.

మీ ఆఫీసుకి ఫోన్ చేయించాను. అక్కడున్నది ఒక్కటే ఫోను, అదీ మేనేజరు బల్ల మీదట. అలాంటి మనిషి ఇక్కడ పనిచేయడం లేదు అని పెట్టేశారు. పని పోయిందా నీకు? దీక్ష చేస్తే పని పోయిందా, పని పోతే దీక్ష చేస్తున్నావా?

నేను రాలేను. కాలేజీ మెట్ల మీద కాలు జారిన సంగతి పోయిన నెల రాశాను కదా. తొడ నుంచి మడమ దాకా కట్టు. మేముండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. జూలై చివరిదాకా కాలు నేల మీద పెట్టొద్దన్నారు. మీ బావని పంపుదామంటే నన్ను మంచం దింపి మళ్ళీ ఎక్కించే మనిషి ఉండడు. లేకపోతే ఈపాటికి నీ చెవి నా చేతిలో ఉండేది.

నువ్వు ఒక పూట తినకపోతేనే జ్వరమేమోనని అమ్మ నుదురు పట్టుకుని చూసేది. ఇప్పుడెవరు చూస్తున్నారు?

వెంటనే రాయి. కోపంతో, భయంతో (ఏది ముందో తేల్చుకోలేక)
అక్క

*

జూన్ 9

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వాను. నవ్వితే తల తిరుగుతోంది, కాబట్టి ఇకముందు కాస్త సీరియస్‌గా రాయి.

ముందు నుంచీ చెప్తాను. మా వంటింట్లో ఆవిరి మీద ఉడికించే పెద్ద పాత్రలున్నాయి, నువ్వు చూశావు. వాటిలో ఒకదాని మూత ఎగిరిపోయింది. వంటిల్లంతా ఆవిరి. మేమందరం ముందు తలుపు వైపున్నాం, బయటపడ్డాం. మా గిన్నెలమ్మ వెనక తొట్టి దగ్గరుంది. నేను వంటలో చేరకముందు నుంచీ ఆమె అక్కడ గిన్నెలు తోముతోంది, అసలు పేరేమిటో జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. పక్కనే ఉన్న వెనక తలుపు వైపు పరిగెత్తింది. దానికి తాళం. సరుకు ఆ దారిన బయటికి పోతోందని స్టోర్సు ఆఫీసరు బయటి నుంచి తాళం వేయించి ఏడాది అవుతోంది. పాపం మళ్ళీ ఆవిరిలోంచే వెనక్కి వచ్చింది. రెండు చేతులూ, మెడా ఉడికిపోయాయి. ఆసుపత్రి నుంచి వచ్చి పనిలోకి వెళ్తే, నీ అజాగ్రత్త వల్లే జరిగింది, నీకిక పని లేదు అన్నారు.

గేటు దగ్గర మీటింగు పెట్టారు. యూనియన్ సెక్రటరీ మాట్లాడుతున్నాడు. అందరికీ టీ, బన్ను పంచుతున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి గిన్నెలమ్మ చేతుల కట్లు కనిపించాయి. ఒళ్ళు మండి, “నాకొద్దు పో. ఆ తలుపు తీసేదాకా నేనేమీ తినను” అన్నాను.

మాటవరసకి అన్నాను అక్కా. చిన్నప్పుడు అలిగి అన్నం తిననని గదిలో కూర్చునేవాణ్ణే, అలాంటిదే. నువ్వొచ్చి గుమ్మంలో నిలబడి, సరే తినకు అని వెళ్ళిపోయేదానివి. పది నిమిషాల్లో బయటికొచ్చేవాణ్ణి. ఇక్కడ సరే తినకు అనేవాళ్ళు ఎవరూ లేకపోయారు. సెక్రటరీ విన్నాడు. మైకు పుచ్చుకుని, మన వంటాయన ప్రకటించేశాడు అన్నాడు. చప్పట్లు. ఆ చప్పట్ల మధ్య లేచి బన్ను అందుకోవడానికి నాకు మొహం చెల్లలేదు. సాయంత్రం ఎవరూ చూడకుండా తిందామనుకున్నా. సాయంత్రానికి పందిరి వేసేశారు. మర్నాడు కంపెనీ నన్ను పనిలోంచి తీసేసింది, గది కూడా ఖాళీ చేయించింది. ఇప్పుడు నా ఇల్లు ఈ పందిరే.

నీళ్ళు, చిటికెడు ఉప్పు, అంతే. మొదట్లో తలనొప్పి చంపేసింది. కడుపు ఎంత గొడవ చేసిందంటే పక్కవాళ్ళు తిరిగి చూసేవాళ్ళు. తర్వాత ఒకరోజు ఆకలి అలిగి వెళ్ళిపోయింది. ఇప్పుడు లేదు. నాలుక మీద మాత్రం సున్నం వేసినట్టు తెల్లటి పూత, గీకితే మళ్ళీ వస్తుంది. నోరు మిగలముగ్గిన పండు వాసన వేస్తోందని, పందిట్లో నా పక్కన కూర్చునే మెషిన్ల ఫిట్టరు మొహం తిప్పుకుంటున్నాడు. ముక్కు మాత్రం కుక్క ముక్కయింది. గాలి ఇటు తిరిగితే వంటింట్లో ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. నా చోట పెట్టినవాడు రోజూ ఉల్లిపాయలు మాడుస్తున్నాడు. దీక్ష మానేసి వాణ్ణి రెండు తన్నాలని తప్ప ఇంకేం కోరిక లేదు.

భయపడకు. బొండంలో నీళ్ళూ మీగడా బోలెడున్నాయి. నీ కాలు నొప్పి తగ్గిందా?

నీ
బొండం

*

జూన్ 13

బొండం,

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఒకే ఇంట్లో పుట్టి నేను కాలు జారాను, నువ్వు నోరు జారావు. సామెత కోసమే మనల్ని కన్నట్టుంది.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఆయన గిన్నెలమ్మ గారి చేతుల దగ్గర చదవడం ఆపమన్నారు. నాకు ఆ తర్వాత ఆ తాళమే కళ్ళ ముందు ఆడుతోంది. నేను ఈ మంచం మీద ఉన్నాను, గది తలుపు బార్లా తెరిచి ఉంది, అయినా వెళ్ళలేను. ఆమెకి కాళ్ళున్నాయి, తలుపు లేదు. రోజంతా ఇలాంటివే ఆలోచిస్తున్నాను. పనిలేని బుర్ర.

నువ్వు అన్న మాట కూడా తిరగేసి మరగేసి చూశాను. తర్కం చెప్పుకుని బతికేదాన్ని కదా. ‘తలుపు తీసేదాకా’ అన్నావు. తీయడమంటే తెరవడమా, ఊడదీయడమా? నువ్వు తాళం తీయమనలేదు. నా క్లాసులో అయితే దీని మీద గంటసేపు కొట్టుకుంటారు, చివరికి బెల్లు మోగి కాపాడుతుంది. నీకు బెల్లు లేదు.

మానెయ్యి అని రాయాలని ఉంది. రాయబోతే ఆమె చేతులు అడ్డం వస్తున్నాయి. నువ్వు లేచిపోతే ఆ తాళం అలాగే ఉంటుంది, ఈసారి ఇంకెవరో దాని దగ్గరికి పరిగెడతారు. లేవకపోతే ఏమవుతుందో రాయడానికి చేయి రావడం లేదు. ఒకరి ప్రాణం పెట్టి తీయాల్సిన తాళాలు అసలు ఉండాలా అని ఒక పక్క, అలా పెట్టకుండా ఇప్పటిదాకా ఏ తాళం తీశారని ఇంకో పక్క. నాకు రెండు పక్కలూ ఎప్పుడూ ఇంత స్పష్టంగా కనిపిస్తాయి కాబట్టే ఏ పక్కకీ నడవలేను. కట్టు లేనప్పుడు కూడా అంతే.

డాక్టరు చూస్తున్నాడా? నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా? దాచకు. నా కాలు నొప్పి తగ్గింది. కట్టు లోపల కాలు కూడా తగ్గింది, పక్క నుంచి స్కేలు దూర్చి గోక్కునేంత ఖాళీ వచ్చింది. వాడకపోతే కండ దానంతటదే వెళ్ళిపోతుందట. నాకీ ఒక్క కాలే. నీకు ఒళ్ళంతా కదా.

అక్క

*

జూన్ 18

అక్కా,

‘తలుపు తీయడం’ మీద నువ్వు రాసింది గిన్నెలమ్మకి చెప్పాను. కాలిన మెడ లాగుతోందని ఒక చేత్తో పట్టుకుని మరీ నవ్వింది. మీ అక్క పెద్ద చదువే చదివింది అంది. అది పొగడ్తో కాదో నాకు తెలియలేదు.

ఇక్కడ ఒక కొత్త తంతు మొదలైంది. బియ్యం, పిండి బస్తాలు తూచే కాటా ఉంటుంది చూడు, ముల్లు తిరిగేది. పాత గోదాములో ఒకటి పడుంటే తెచ్చి పందిరి ముందు పెట్టారు. పొద్దున షిఫ్టు మారేటప్పుడు నన్ను దాని మీద నిలబెడతారు. ఇన్నేళ్ళూ నేను అలాంటి కాటా మీద బస్తాలు ఎక్కించాను, ఇప్పుడు నన్ను ఎక్కిస్తున్నారు. ముల్లు ఎక్కడ ఆగిందో సెక్రటరీ వంగి చూస్తాడు. చూసి మైకులో, “వంటాయన తగ్గాడు” అంటాడు. జనమంతా, “తగ్గడు” అంటారు. మళ్ళీ తగ్గాడు, మళ్ళీ తగ్గడు. ఒక దీర్ఘం తేడాతో భలే కుదిరింది. మొదటి రోజు నాకూ సరదాగానే ఉంది.

నిన్న మాత్రం ముల్లు కదల్లేదు. మొన్నటి దగ్గరే నిలబడింది. నీళ్ళు ఎక్కువ తాగినట్టున్నాను. సెక్రటరీ మొహం వాడింది. వెనక నుంచి ఎవరో, చాటుగా ఏమైనా లాగిస్తున్నాడేమో అన్నారు, నవ్వుతూనే. నవ్వుతూనే అన్నారు అక్కా, కానీ ఇవాళ పొద్దున కాటా ఎక్కేముందు నేను నీళ్ళు తాగలేదు. ముల్లు దిగింది. చప్పట్లు కొట్టారు. నేను చిక్కిపోతుంటే సంతోషిస్తున్నంత మాత్రాన వీళ్ళు చెడ్డవాళ్ళని కాదు. నేను వండింది తిన్నవాళ్ళే అందరూ. నా ఒంట్లోంచి పోయిందంతా ఆ తలుపు మీద పడి బరువవుతోందని వాళ్ళ నమ్మకం.

డాక్టరు వస్తాడు, నాడి నెమ్మదించింది అంటాడు. లేస్తే కళ్ళ ముందు నల్లగా తెర పడుతుంది. కాసేపు వెదురుకర్ర పట్టుకుని ఆగితే తొలగుతుంది. ఇంత ఎండలో నాకు చలి. వాచీ మోచేతి దాకా జారుతోంది, తీసి జేబులో వేసుకున్నాను, ప్యాంటుకి తాడు కట్టాను. కూర్చుంటే కింద ఎముకలు గుచ్చుకుంటున్నాయి. నాక్కూడా అక్కడ ఎముకలున్నాయని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. దువ్వెనకి జుట్టు కుచ్చుగా వస్తోంది. గెడ్డం గీసుకుందామని అద్దం తెప్పిస్తే అందులో నాన్న ఉన్నాడు. నా బుగ్గల వెనకాల దాక్కుని ఇంతకాలం బతికాడన్నమాట.

ఆకలి లేకపోవడమే అన్నిటికంటే భయంగా ఉంది. ఆకలుంటే దానితో పోట్లాడుతున్నానని ఉండేది. ఇప్పుడు ఊరికే, ఖాళీ ఇంట్లో కూర్చున్నట్టుంది.

అసలు సంగతి చెప్తాను. నువ్వు మొన్న రాసినదాంట్లో మానెయ్యి ఉంది, ఎలా మానేస్తావు కూడా ఉంది. నాకు రెండూ అర్థమయ్యాయి కాబట్టి ఏదీ ఉపయోగపడలేదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇక్కడ నాకు లే అని చెప్పగలిగే హక్కున్న మనిషి లేదు. గిన్నెలమ్మ తన నోటితో ఆ మాట అనలేకపోతోంది, అందంటే తన పని తనే పోగొట్టుకున్నట్టు. నువ్వు అనొచ్చు. అక్కవి. అక్క అంది అంటే ఎవరూ ఏమీ అనలేరు. ఒక్క ముక్క రాయి. నువ్వేం చెబితే అది.

కానీ చూసుకుని రాయి. నా ఉత్తరాలు గిన్నెలమ్మ పోస్టు చేస్తుంది, కాబట్టి ఇవి మన మధ్యే. నాకొచ్చేవి మాత్రం గేటు దగ్గర సెక్రటరీ చేతికే వస్తున్నాయి. ఆయన విప్పి మైకులో చదువుతాడు. నీ కిందటి ఉత్తరం నా చేతికొచ్చాక, మొన్నటి నుంచి అదో ఆచారమైంది. ఇక్కడి క్వార్టర్ల ఉత్తరాలన్నీ గేటుకే వస్తాయి, ఇంకో దారి లేదు. ఇలా అడిగానని తెలియనివ్వకు.

నీ
బొండం (ప్రస్తుతం పీచు)

*

జూన్ 21 (కార్డు)

తమ్ముడికి,

పేపర్లో కొత్త ఫోటో చూశాను. కుర్చీ కనిపిస్తోంది. నువ్వింక తగ్గొద్దు. అక్కగా చెప్తున్నాను, ఇదే నా మాట. ఈసారి దీనికి ఇంకో పక్క లేదు. ఇక్కడ మేం క్షేమం. నా కాలు తగ్గుతోంది.

అక్క

*

జూన్ 25

అక్కా,

కార్డు అందింది. నాకంటే ముందు ఊరందరికీ అందింది.

సెక్రటరీ మూడుసార్లు చదివాడు. ‘నువ్వింక తగ్గొద్దు, అక్కగా చెప్తున్నాను’ అనగానే జనం లేచి నిలబడ్డారు. కొందరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మంచం మీదున్న మనిషి, ఒక్కగానొక్క తమ్ముడు, అయినా చూడండి ఎలాంటి మాట రాసిందో అన్నాడు. సాయంత్రానికి ఎర్ర గుడ్డ మీద తెల్ల రంగుతో, ‘అక్క మాట: తగ్గొద్దు’ అని రాసి గేటుకి కట్టారు. నా కుర్చీలోంచి కనిపిస్తుంది. ఎటు తిరిగినా కనిపిస్తుంది.

నేను నిన్ను తప్పుపట్టడం లేదు. నువ్వు లే అంటావని అనుకున్నాను, అంతే. మనసులో చెంచా, గిన్నె కూడా సర్దుకున్నాను. జావ ఎలా కాయాలో గిన్నెలమ్మకి ఎలా చెప్పాలా అని, ఎక్కువ పలచన చేస్తుందేమోనని కూడా ఆలోచించాను. జీవితంలో మొదటిసారి నువ్వు ఇంకో పక్క లేదు అని రాశావు. అంటే ఎంత ఆలోచించి రాసుంటావు. కాలేజీలో పాఠాలు చెప్పేదానివి, నాకు కనిపించనిది నీకు కనిపించి ఉంటుంది. నీ మాట మీద ఉంటాను.

రాత బాగాలేదు, క్షమించు. వేళ్ళు నావి కానట్టున్నాయి. దూరంగా ఉన్నవి రెండుగా కనిపిస్తున్నాయి, గుడ్డ మీది తగ్గొద్దు కూడా రెండు. చెవిలో గుండె వినిపిస్తోంది, చాలా తీరిగ్గా కొట్టుకుంటోంది, మధ్యలో ఒకటి మానేస్తోంది కూడా. కాటా మీద నిలబడలేకపోతున్నాను. కుర్చీతో సహా ఎక్కించి, కుర్చీ బరువు తీసేసి చెప్తున్నారు. నాకంటే కుర్చీ నయం, అది దేనికీ మాటివ్వలేదు.

కంపెనీ వాళ్ళు పలకడం లేదు. వాచ్‌మన్లని మాత్రం పెంచారు. ఆ తాళం ఎవరూ ముట్టుకోకుండా చూడాలని వాళ్ళకి ఆర్డరట.

వాసనలు కూడా పోయాయి. ఉల్లిపాయలు మాడుతున్నాయో లేదో తెలియడం లేదు.

నీ కాలు తగ్గుతోందంటే సంతోషం.

తమ్ముడు

*

జూన్ 29 (పోస్టు చేయనిది)

ఒరేయ్,

ఇది నీకు పంపను. పంపితే మైకు చదువుతుంది. రాయకపోతే నాకు ఆలోచన సాగదు కాబట్టి రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి మొదట నాకు అర్థం కాలేదు. నేను మానేయమని రాస్తే వీడు ఇలా రాస్తాడేమిటని మీ బావకి ఇచ్చాను. ఆయన చదివి, “నువ్వు కార్డులో ఏమని రాశావు?” అని అడిగారు. చెప్పాను. చెప్తుండగానే నా చెవులకి వినపడింది. ఆయన నవ్వబోయి ఆగిపోయారు.

ఒళ్ళు తగ్గడం గురించి రాశానురా. కుర్చీ కనిపిస్తోందని అందుకే ముందు రాశాను. ఇక చిక్కిపోవద్దు, చాలు, తినమని. మైకులో చదువుతారన్నావు కాబట్టి, నువ్వు అడిగావని తెలియకూడదన్నావు కాబట్టి, మెల్లగా నాజూకుగా చెప్పాననుకున్నాను. ఒళ్ళు చిక్కినా తగ్గడమే, రోగం నయమైనా తగ్గడమే, పోట్లాటలో ఓడిపోయినా తగ్గడమే. ఒకే కార్డులో నా కాలుకి ఒక అర్థంలో, నీ ఒంటికి ఇంకో అర్థంలో రాసి, మూడోది జనం చేతికిచ్చాను. మాటలకి ఎన్ని అర్థాలుంటాయో పిల్లలకి చెప్పి జీతం తీసుకుంటాను. తలుపు తీయడం అన్న మాట దొరికితే దాన్ని అంతసేపు వాసన చూశాను, నా మాటని మాత్రం చూసుకోలేదు.

ఇంకా భయంకరమైన సంగతి ఒకటుంది, ఇక్కడ కాబట్టి రాస్తున్నాను. ఆ గుడ్డ మీది మాట చదివినప్పుడు, ఒక్క క్షణం, అది నేనే రాసి ఉంటే బాగుండేది అనిపించింది. అది నా మాట కంటే పెద్దది. గిన్నెలమ్మ గారి చేతులకి జవాబు అది. నేను రాసింది మా తమ్ముడి చెంపల గురించి మాత్రమే. అసలు ఆ కార్డు రాసేటప్పుడు ఆ రెండో అర్థం నాకు నిజంగా కనపడలేదా, కనపడితే కనపడనీ అని ఊరుకున్నానా? పొద్దుటి నుంచీ నన్ను నేను అడుగుతున్నాను. తేలలేదు. తేలదు కూడా. అది తేలేదాకా ఆగితే నువ్వుండవు.

కాబట్టి ఇప్పుడు ఒక మాట కావాలి. మానెయ్యి అని రాయొచ్చు. భయం మానేయమంది అక్క అంటాడు మీ సెక్రటరీ. లే అని రాస్తే కార్మికులారా లేవండి అంటాడు. చాలు అంటే, ఇన్నాళ్ళు సహించింది చాలు అంటాడు. వచ్చెయ్యి అంటే అందరూ రండి అని గుడ్డ కడతాడు. ఆయన తప్పు కాదు. ఆయన చెవిలో ఆ తలుపు తప్ప ఇంకేం లేదు.

చిన్నప్పుడు సరే తినకు అంటే తినేవాడివి. ఆ విద్య ఇప్పుడు పనికిరాదు. నీతో నేను ఎప్పుడూ తిండి గురించి మాట్లాడిందల్లా ఇంక ఆపరా, కొంచెం మాకూ ఉంచరా అనే. ఇన్నేళ్ళలో నీకు చెప్పే అవసరం ఒక్కసారి కూడా రాని మాట ఒకటుంది. దానికి ఇంకో అర్థం ఉందేమోనని నిఘంటువు కూడా తీయించాను.

ఆ తలుపు సంగతేమిటని నన్ను అడక్కు. నాకు తెలియదు. మొదటిసారి తెలియకుండానే చెప్తున్నాను.

*

జూన్ 29

తిను.

అక్క

*

జూలై 9

అక్కా,

ఫ్యాక్టరీ పక్కనే ఉన్న ఆసుపత్రిలో, కిటికీ దగ్గర కూర్చుని రాస్తున్నాను. సొంత చేత్తోనే రాస్తున్నాను చూడు. ఇంతకుముందు రాయలేకపోయాను, కంగారుపడి ఉంటావు.

నీ ఉత్తరం వచ్చిన రోజు పందిరి నిండా జనం. అక్క దగ్గర్నుంచి మళ్ళీ వచ్చిందని ముందే పాకిపోయింది. సెక్రటరీ మైకు సవరించుకున్నాడు, కాగితం విప్పాడు, గొంతు సవరించుకున్నాడు. “తిను” అన్నాడు. కాగితం వెనక్కి తిప్పాడు. అక్కడేమీ లేదు. మళ్ళీ ముందుకి తిప్పాడు. మైకులో అంత చిన్న మాట ఎలా వినిపించిందో నీకు చెప్పలేను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, దానికి చప్పట్లు ఎక్కడ కొట్టాలో తెలియలేదు. చివరికి ఆయన, అక్కగారిని కంపెనీ వాళ్ళు బెదిరించి ఉంటారు అన్నాడు. నేను కాదని తల ఊపాను. నీ సంతకంలో ‘క్క’ ఒత్తు తోక నాకు తెలియదా. అప్పుడే కార్డులో తగ్గొద్దు అంటే ఏమిటో కూడా తెలిసింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండింటికీ ఒంట్లో నీళ్ళు లేవు.

తినాలని ఉంది. కానీ నోరు తెరవలేకపోయాను. అంతమంది చూస్తున్నారు. మాట మాటే కదా. అప్పుడు గిన్నెలమ్మ లేచింది. మీటింగుల్లో ఎప్పుడూ మాట్లాడని మనిషి, మైకుకి దూరంగానే నిలబడి అంది: “తలుపు తీసేదాకా తిననన్నాడు. తాళం తీసేదాకా అనలేదుగా. తీయడమంటే ఊడదీయడం కూడానంట, వాళ్ళ అక్కగారు ఎప్పుడో రాసింది. తీద్దాం పదండి.”

ముందు ఫిట్టరు నవ్వాడు. తర్వాత వెళ్ళి తన పెట్టె తెచ్చుకున్నాడు. వెనక తలుపు బయటికి తెరుచుకునేది, మడతబందులు బయటి వైపే ఉన్నాయి. వాచ్‌మన్లు అడ్డం వచ్చారు. తాళం ముట్టుకోం బాబూ, కావాలంటే మీరే పట్టుకుని నిలబడండి అన్నాడట ఫిట్టరు. వాళ్ళకున్న ఆర్డరు తాళం గురించే. పాపం నిజంగానే ఒకడు తాళం పట్టుకుని నిలబడ్డాడు. వీళ్ళు బందుల మరలు విప్పారు, గొళ్ళెం మరలు కూడా విప్పారు. తాళం వేసింది వేసినట్టే ఉన్న తలుపుని భుజాల మీద మోసుకొచ్చి నా కుర్చీ ముందు నిలబెట్టారు. వెనకాలే తాళం పట్టుకున్నవాడు కూడా వచ్చాడు.

సెక్రటరీ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. గెలిచామో లేదో ఆయనకి తెలియలేదు. నాకూ తెలియలేదు. గిన్నెలమ్మ మాత్రం చెంచాతో జావ పట్టుకుని ఉంది. చేతికి చర్మం ఇంకా గులాబీ రంగులోనే ఉంది, వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు, చెంచా పక్కకి ఒరిగింది. నా నోరూ పూర్తిగా తెరుచుకోలేదు. మధ్యలో సగం పోయింది.

ఒకేసారి తింటే ప్రాణానికే ముప్పని డాక్టరు ఇక్కడ చేర్పించాడు. చెంచాలతో పలచటి జావ, లెక్క పెట్టుకుని. ఉప్పు తెలియలేదక్కా. వంటవాణ్ణి, నాలుక మీద పెట్టి ఉప్పు ఉందో లేదో చెప్పలేకపోయాను. వస్తుందంటున్నారు. తిన్నాక పాదాలు ఉబ్బాయి, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. పొట్ట ఉన్నచోట చర్మం ఖాళీ సంచిలా వేలాడుతోంది. స్నానం చేస్తుంటే ఎవరిదో ఒళ్ళు తోముతున్నట్టుంది. నాన్న ఇంకా అద్దంలోనే ఉన్నాడు, వెళ్ళమంటే వెళ్ళడం లేదు.

వంటింటి వెనక ఇప్పుడు తలుపు లేదు, ఖాళీ ఉంది. కంపెనీ దానికి ఒక వాచ్‌మన్‌ని కాపలా పెట్టింది. మంచిదే, ఆవిరొస్తే తలుపులా నిలబడడు, అందరికంటే ముందు వాడే పరిగెడతాడు. కొత్త తలుపు చేయిస్తున్నారని ఫిట్టరు చెప్పాడు. దానికి తాళం ఉంటుందో ఉండదో తెలియదు. పాతదాని మరలు నా జేబులోనే ఉన్నాయి, వాటి బరువుకి ప్యాంటు జారుతోంది. నా ఉద్యోగం లేదు. గిన్నెలమ్మది కూడా తేలలేదు. రోజూ పొద్దున గేటు దగ్గరికి వెళ్ళి కూర్చుంటోంది. కడుపు నిండా తిని మరీ వెళ్తోంది. లేవలేని రోజు వచ్చేదాకా ఇలాగే తిని కూర్చుంటాను, నన్ను తూచడానికి ఎవరొస్తారో చూస్తాను అంటోంది.

నువ్వు కార్డులో అలా ఎందుకు రాశావని మళ్ళీ మళ్ళీ ఆలోచిస్తూ ఉంటావు, నాకు తెలుసు. ఆలోచించకు. ఒకవేళ ఆలోచిస్తే నాకు రాయకు.

నిన్న సాయంత్రం గిన్నెలమ్మ భుజం పట్టుకుని గేటు దాకా నడిచాను. పందిరి విప్పేశారు. ఎర్ర గుడ్డ ఉంది, వానకి రంగు కారి నీ మాట సగం పోయింది. కాటా అక్కడే పడుంది, ఎవరూ తీసుకెళ్ళలేదు. ఎక్కాను. కుర్చీ లేకుండా, నా కాళ్ళ మీద. ముల్లు చాలాసేపు ఊగి ఆగింది. చివరిసారి కంటే ఒక గీత పైకి. చుట్టూ చూశాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

బొండం